బొటనవేలు ఆగని చోటు

ఏడేళ్లుగా సుగుణకు ఒకటే బాధ. ఖుద్దూస్ ఉస్తాద్ ఆమె పని బాగోలేదని ఎన్నడూ అనలేదు. అలాగని తన సూదుల డబ్బీ ఆమె చేతిలో పెట్టనూ లేదు.

రఫూ పనివాళ్లలో అదొక పద్ధతి. చిరిగిన బట్టను పోగు పోగూ అల్లి, చిరుగు ఆనవాలు లేకుండా చెయ్యడం వాళ్ల పని. శిష్యుడు తయారయ్యాడని తోచిన రోజున గురువు తన ఇత్తడి డబ్బీ ఇచ్చేస్తాడు. వేరే సర్టిఫికెట్ ఏమీ ఉండదు. పరీక్ష కూడా చిన్నదే. గురువు కళ్లు మూసుకుని బట్ట మీద బొటనవేలు నడిపిస్తాడు. వేలు ఎక్కడా ఆగకపోతే పని కుదిరినట్టు.

సుగుణ పని మీద ఉస్తాద్ వేలు ఆగడం మానేసి మూడేళ్లయింది. డబ్బీ మాత్రం ఆయన జేబులోంచి కదల్లేదు. అడిగితే, “కుట్టుడైతే వచ్చింది బేటీ,” అని ఊరుకునేవాడు. పైగా బట్ట తెచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, ఇది ఎవరిది, ఎట్లా చిరిగింది అని అరగంట ఆరా తీసేవాడు. ముసలాయనకు కబుర్ల పిచ్చి అనుకునేది సుగుణ.

ఆ ఏడు వానాకాలంలో నగరంలోనే ఉన్న ఓ చిన్న వస్త్రకళా మ్యూజియం నుంచి పని వచ్చింది. పాత బంగళా, నాలుగు గదులు. పురుగు కొట్టిన శాలువాలు ఆరు, చిరిగిన గోడతెర ఒకటి. ఉస్తాద్‌కు మోకాళ్ల నొప్పులు కాబట్టి సుగుణ ఒక్కతే వెళ్లింది. అనుకున్నదానికంటే రెండు రోజుల ముందే పని తేల్చేసింది. ఆ రెండు రోజులే కొంప ముంచాయి.

చివరి గదిలో పదకొండు చొక్కాలు దండెం మీద వరసగా వేలాడుతున్నాయి. అన్నీ ఒకే నీలం, ఒకే కుట్టు. ఊరి బయట నూలు మిల్లు తగలబడి పదకొండు మంది పోయారు. మిల్లు లోపలి ఉక్కకు తాళలేక వాళ్లు ఆ రోజు పనిలోకి దిగేముందే చొక్కాలు విప్పి, వసారాలో మేకులకు తగిలించి, బనియన్లతో లోపలికి వెళ్లారు. మనుషులు దక్కలేదు, చొక్కాలు మిగిలాయి. వాటిని ఒక కళాకారిణి ఇళ్లవాళ్ల దగ్గర అడిగి తెచ్చి, అద్దాలేవీ పెట్టకుండా, ఎవరైనా తాకేటట్టు వేలాడదీసింది. ఇదంతా గోడ మీద రాసి ఉంది.

సుగుణ గోడ చదవలేదు. ఆమె కన్ను మూడో చొక్కా మీద పడింది.

ఎడమ భుజం కింద చిల్లు. నిప్పురవ్వ పడి కాలింది. బొటనవేలు పట్టేంత ఉంది, అంచు నల్లగా గట్టిపడి ఉంది. మిగతా వాటికి మసి మరకలే తప్ప చిల్లులు లేవు. మందపాటి నూలుబట్ట మీద కాలిన చిల్లు కుదర్చడమంటే ఉస్తాద్‌కు కూడా చెమటలు పట్టే పని. సుగుణ చేతులు ఊరుకోలేదు. చెయ్యమని ఎవరూ అనలేదు. ఆ గదికి కాపలా ఉండే ఆమె అడిగితే, “ఇదొక్కటి మిగిలిపోయిందక్కా,” అని అబద్ధమాడింది. కాలిన అంచు చుట్టూ కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. ఆ చొక్కా లోపలి మడతలోంచే పోగులు లాగి, బుధ, గురువారాలు తలెత్తకుండా అల్లింది. పూర్తయ్యాక చిల్లున్న చోటు తనకే వెంటనే దొరకలేదు. పొంగిపోయింది.

శుక్రవారం నమాజు అయ్యాక ఉస్తాద్‌ను ఆటోలో తీసుకొచ్చింది.

“కండ్లు మూసుకోండ్రి ఉస్తాద్.”

ఆయన బొటనవేలు భుజం మీంచి జేబు దాకా నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. ఎక్కడా ఆగలేదు.

ఉస్తాద్ జేబులో చెయ్యి పెట్టాడు. డబ్బీ కోసమే అనుకుంది సుగుణ. ఆయన తీసింది కళ్లజోడు. గోడ దగ్గరికి వెళ్లి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అంతా చదివాడు. తర్వాత కాపలా ఆమె వైపు తిరిగాడు.

“ఈ చొక్కా ఎవరిదమ్మా?”

“బుచ్చవ్వ కొడుకుది సార్. జేబుల బస్సుపాసు దొరికితె గుర్తువట్టిన్రు. ఆమెకు కండ్లు కనవడయి. ఆ చిల్లును బట్టే ఆనవాలు పడ్తది. అండ్ల ఏలు పెట్టి గంటసేపు నిలవడ్తది. ప్రతి శుక్రారం వస్తది, ఇగ వచ్చే యాళ్లనే.”

సుగుణ చెత్తబుట్ట వైపు చూసింది.

“కాలిన అంచు ఏది?” అన్నాడు ఉస్తాద్.

“కోసేసిన. చెత్తల... పొద్దున్నే బండోళ్లు తీస్కపోయిన్రు.” సుగుణ చొక్కా అందుకోబోయింది. “విప్పేస్త ఉస్తాద్. ఇప్పుడే విప్పేస్త.”

“విప్పితే చిల్లు వస్తది. అది నీ కత్తెర చేసిన చిల్లు.” ఆయన బల్ల మీద కూర్చుని పక్కన చోటు చూపించాడు. “కూసో.”

కూర్చున్నారు. ఆయన తిట్టినా బాగుండేది.

కాసేపటికి మెట్ల మీద కర్ర చప్పుడు వినిపించింది. బుచ్చవ్వ దండెం దగ్గరికి వచ్చి కర్ర గోడకు ఆనించింది. మొదటి చొక్కా ఎడమ భుజం తడిమింది. రెండోది తడిమింది. మూడోదాని మీద ఆమె బొటనవేలు నడిచి, ఎక్కడా ఆగకుండా నాలుగోదానికి పోయింది.

పదకొండూ అయ్యాయి. వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. మూడోసారి, ఎవరైనా తిప్పి తగిలించారేమోనని కుడి భుజాలు కూడా చూసింది.

“ఏడి?” అంది. “మావోడు ఏడి బిడ్డా? తీసేసిన్రా?”

సుగుణ ఉస్తాద్ వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. ఇంక తప్పలేదు. లేచింది.

“తియ్యలేదవ్వా. ఈడనే ఉన్నడు. నేనే... ఆ చిల్లు కుట్టేసిన.”

ఆమె చెయ్యి పట్టుకుని మూడో చొక్కా మీద పెట్టింది. ముసలి వేలు అక్కడక్కడే తిరిగింది, తచ్చాడింది.

“ఇదేనా?”

“ఇదే అవ్వా.”

“నువ్వు జెప్తున్నవ్ గదా. ఇదే గావచ్చు.”

చెయ్యి ఎంతోసేపు అక్కడ నిలవలేదు. పరాయివాళ్ల బట్ట తాకినట్టు తీసేసింది. తడుముకుంటూ సుగుణ వేళ్లు పట్టుకుంది.

“మంచిగ కుట్టినవ్ బిడ్డా,” అంది. “ఏమాత్రం తెల్వలె.”

ఏడేళ్లుగా సుగుణ వినాలనుకున్న మాట అదే. అక్కడికక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది.

“వచ్చే శుక్రారం నువ్వుంటవా?” అని అడిగింది బుచ్చవ్వ. “ఎవరో ఒకరు సూపెట్టాలె గదా నాకు.”

“ఉంటనవ్వా.”

కర్ర చప్పుడు మెట్లు దిగిపోయింది. ఉస్తాద్ లేచి, సూదుల డబ్బీ తీసి ముందుకు చాచాడు.

“వద్దు ఉస్తాద్.”

“ఏడేండ్ల సంది అడిగినవ్.”

“ఇప్పుడొద్దు. ఇంకెన్నడొద్దు.”

ఆయన ఆమె పిడికిలి విప్పి, డబ్బీ అందులో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూశాడు.

“ఇప్పుడే,” అన్నాడు.