ఎవరూ నాటని మొక్క

“ఆ పార అవతల పెట్టు, కోటిలింగం. వాకిలి శుభ్రం చేశానని మురిసిపోతున్నావు. నువ్వు చేసింది పాడు పని.”

ఏటి స్నానం ముగించుకుని వచ్చిన వీరదాసుగారు ఆశ్రమం వాకిట్లో అడుగు పెడుతూనే అన్న మాట అది. శిష్యుడు కోటిలింగం బిత్తరపోయాడు. కార్తీకంలో భక్తులు వస్తారని చీకటితోనే లేచి, వాకిలి నిండా అల్లుకున్న తుమ్మి, గునుగు, విష్ణుక్రాంతం వేళ్లతో సహా పెరికి మూలన కుప్ప పోశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. మెచ్చుకుంటారనుకున్న చోట మందలించేసరికి అతనికి రోషం వచ్చింది. ఆ జాగాలో వరసగా బంతి, నందివర్ధనం పెడదామనుకున్నానని చెప్పి, మనసులో మాట అడిగేశాడు.

“ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. వాటికవే మొలిచిన పిచ్చిమొక్కలకు మనం చోటెందుకివ్వాలి స్వామీ?”

వీరదాసుగారు తడిబట్ట దండెం మీద ఆరేసి, అరుగు మీద కూర్చుని, జవాబుకు బదులు ముత్తయ్య సంగతి ఎత్తుకున్నారు.

ముత్తయ్యది కొండమీది గూడెం. అక్కడ వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకు దట్టంగా పరుచుకుని ఉంటే రాలిన పువ్వు కనబడదు. అందుకని ముత్తయ్య తల్లి ఎర్రమ్మ పువ్వు రాలకముందే కంపచీపురుతో ఆకు ఊడ్చేది. ఊడుస్తూ ఊడుస్తూ ఎక్కడ చిన్న మొక్క కనబడినా చీపురు పక్కకు తిప్పుకునేది. దానివల్ల పని సాగేది కాదు. ముత్తయ్యకు అంత ఓపిక లేదు. తల్లి మంచాన పడిన ఏడాది ఆకుకు నిప్పుపెట్టాడు. పూటలో నేల అద్దంలా అయింది. పువ్వు ఏరడం ఎంత తేలికో చూడమని ముసలిదానికి చెప్పుకున్నాడు.

“ఊడవడానికి వంగని నడుం ఏరడానికి మాత్రం వంగుద్దా నీకు?” అని దెప్పింది ఆమె. ముత్తయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఏటేటా కాల్చాడు. కప్పుగా ఉండే ఆకు లేక తొలకరి వానకు మన్ను కోసుకుపోయింది. చెట్ల కింద గులాబి రంగున పూసే అడవిపసుపు దుంపలు తేలి ఎండిపోయాయి. నేలను అంటుకుని పూసే పూలన్నీ మెల్లగా మాయమయ్యాయి. పెద్ద చెట్లు మాత్రం ఎప్పటిలాగే పువ్వు రాల్చాయి గనుక ముత్తయ్యకు ఏ లోటూ తెలియలేదు.

తల్లి పోయింది. ముత్తయ్య కొడుక్కి ఆడపిల్ల పుట్టింది. ఆ గూడెంలో ఒక ఆచారం ఉంది. బిడ్డ అడుగులు వేయగానే తాత ఎత్తుకెళ్లి, దానంతటది మొలిచిన ఒక లేత ఇప్పమొక్కకు బిడ్డ అరచేయి తాకిస్తాడు. ఆనాటి నుంచి ఆ చెట్టు ఆ బిడ్డది. దాని పువ్వు మరొకరు ముట్టరు. మనిషి నాటిన మొక్క అందుకు పనికిరాదు. ముత్తయ్య మనవరాలిని చంకనేసుకుని తన చెట్ల కిందికి వెళ్లాడు. ముసలి చెట్లున్నాయి. వాటి కింద నల్లటి నేల ఉంది. మొక్క లేదు. నిప్పు ఏటేటా తినేసింది.

అప్పటి నుంచి అతను కొండంతా వెతుకుతూనే ఉన్నాడు. గాలివానకు అతని చెట్లు ఒక్కొక్కటే ఒరిగాయి. నీళ్ల దగ్గర ఆడవాళ్లు ఆ పసిదాన్ని చెట్టులేని పిల్ల అని పిలుస్తారు. ఆ పిలుపుకు అది పలుకుతుంది కూడా. అది విన్నప్పుడల్లా ముత్తయ్య తల దించుకుని వెళ్లిపోతాడు.

ఇంతవరకు చెప్పి వీరదాసుగారు లేచారు. మూలనున్న కుప్ప దగ్గరకు వెళ్లి, వాడిపోయిన గునుగు కంకుల మధ్య చాలాసేపు వెతికి, జానెడు ఇప్పమొక్క ఒకటి పైకి తీశారు. దాని తల్లివేరు సగానికి తెగి ఉంది. కోటిలింగం గుర్తుపట్టాడు. పొద్దున అన్నింటికన్నా మొండికేసిన మొక్క అదే. రెండు చేతులతో లాగాల్సి వచ్చింది.

“నిన్న నువ్వు సంతకు వెళ్లినప్పుడు ముత్తయ్య ఇటు వచ్చాడు,” అన్నారు గురువుగారు. “గునుగు చాటున దీన్ని చూసి, పక్కనే కూలబడి ఏడ్చాడు.”

కోటిలింగం గొయ్యి తీసి మళ్లీ పెడతాననీ, దగ్గరుండి నీళ్లు పోస్తాననీ గొణిగాడు.

“పెట్టు. బతికినా బతకొచ్చు. కానీ అది నువ్వు నాటిన మొక్క అవుతుంది.”

ఆయన మొక్కను అతని బొబ్బల చేతిలో పెట్టి లోపలికి నడిచారు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నారు:

“రేపు పొద్దున మనవరాలిని ఎత్తుకుని వస్తానన్నాడు. నువ్వే ఎదురు వెళ్లు.”