తుంగమ్మ చెప్పని మాట

అనగనగా ఒక అడవి అంచున, ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కంటికి ఆననంత పెద్ద కొలను ఉండేది, పిల్లలూ. ఏటా చలికాలంలో మంచుకొండలు దాటి సూదితోక బాతులు అక్కడికి వచ్చేవి. ఒకప్పుడు అవి దిగితే నీళ్ళు కనబడేవి కావు. అడవి జంతువులు వాటిని వేటాడి తినేయడంతో ఏటికేడు తగ్గిపోయాయి. అందుకని అడవికి పెద్ద అయిన ముసలి ఏనుగు ఒక చట్టం చేసింది. వలస వచ్చిన బాతును ఎవరూ చంపకూడదు. చంపినట్టు ఒక్కరు సాక్ష్యం చెప్పినా చాలు, ఆ చంపినవాళ్ళను అడవిలోంచి వెళ్ళగొడతారు.

ఆ కొలనులో, జమ్ముపొదల మధ్య, తుంగమ్మ అనే నీటికోడి పసిపిల్లలతో కాపురముండేది. ఒకరోజు పొద్దుగూకే వేళ పొదలు కదిలాయి. కీచుమని ఒక్క అరుపు, అంతే. తుంగమ్మ తొంగిచూసింది. బావురుపిల్లి నోట్లో ఒక బాతు వేలాడుతోంది.

పిల్లి కూడా తుంగమ్మను చూసింది. బాతును కింద పెట్టి, తీరిగ్గా గూటిదాకా వచ్చి, పిల్లల్ని ఒక్కొక్కటిగా వాసన చూసింది.

"ముద్దుగా ఉన్నారక్కా నీ పిల్లలు. ఆ బాతులు ఇవాళ వచ్చి రేపు పోయేవి. ఎప్పటికీ ఇక్కడ ఉండాల్సింది నువ్వూ నేనే" అంది.

తుంగమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

మర్నాడు ఏనుగు ఒడ్డుకొచ్చి, ఎవరైనా ఏమైనా చూశారా అని అందరినీ అడిగింది. నీళ్ళమీద ఈకలు ఇంకా తేలుతూనే ఉన్నాయి. గుంపులో కూర్చుని పిల్లి మూతి నాక్కుంటోంది. తుంగమ్మ తల దించుకుని, తనకేమీ తెలియదంది.

ఆ తర్వాత మరో బాతు పోయింది. ఇంకొకటి పోయింది. పొద్దు వాలితే చాలు, తుంగమ్మ పిల్లల్ని రెక్కల కింద దాచుకుని కళ్ళు మూసుకునేది. అరుపులు మాత్రం వినబడేవి.

చివరికి బాతులకు పెద్ద అయిన తెల్లమెడ అనేవాడు ఆమె గూటికి వచ్చాడు. అప్పటికే అతని భార్య పిల్లి పాలైంది.

"మా వాళ్ళను తింటున్నదెవరో నీకు తెలుసమ్మా. నీ ముఖమే చెబుతోంది. నువ్వు ఒక్క మాట చెబితే మేం ఇక్కడే ఉంటాం. లేదంటే ఈ చలిలోనే ఎగిరిపోవాలి. దారిలో ఎందరు మిగులుతామో" అన్నాడు.

తుంగమ్మ నోరు తెరిచింది. వెనక పొదల్లో ఏదో గలగలమంది. నోరు మూసుకుంది.

తెల్లారేసరికి కొలను ఖాళీ. ఆ సాయంత్రమే పిల్లి గూటి ముందు నిలబడింది.

"నేనెవరికీ చెప్పలేదు కదా" అంది తుంగమ్మ పిల్లలకు అడ్డంగా నిలబడి.

"చెప్పలేదక్కా. కానీ బాతులు వెళ్ళిపోయాయి, నాకు ఆకలేస్తోంది."

తుంగమ్మ పిల్లల్ని నీళ్ళలోకి తోసి తానూ దూకింది. అందరికన్నా చిన్నది మాత్రం నీళ్ళు చేరేలోపే పిల్లికి చిక్కింది.

ఆమె ఏడుస్తూ ఈదుకుంటూ వెళ్ళి, చూసినదంతా ఏనుగుతో చెప్పింది. ఆ రాత్రే పిల్లిని అడవి దాటించారు. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు పట్టింది.

మళ్ళీ చలికాలం వచ్చింది. తుంగమ్మ రోజూ ఆకాశంకేసి చూసేది. ఎన్నాళ్ళకో, గుప్పెడు బాతులు దిగాయి. వాటిలో తెల్లమెడ లేడు. ఇక భయం లేదని చెబుదామని ఆమె ఎదురెళ్ళింది. పొదల్లోంచి ఎవరో వస్తున్నారని అవి బెదిరి, కొలను నడిమధ్యకు జరిగిపోయాయి.

నీతి: చట్టం తనంతట తాను ఎవరినీ కాపాడదు. అన్యాయాన్ని చూసినవాళ్ళు భయపడి ఊరుకుంటే, ఆ అన్యాయం వాళ్ళ గుమ్మంలోకే వస్తుంది.