పుట్ ఆఫ్ చీటీ

ముకుందానికి ఒక చీటీ ఎంతకీ పూర్తికావడం లేదు.

బందరులో దైవాధీనం మాస్టారి దగ్గర శిష్యుడిగా చేరి మూడేళ్లయింది. మాస్టారు ఇంగ్లీషు మాటలకు తెలుగు నిఘంటువు కూరుస్తున్నారు. మాటకొక చీటీ. ఎన్ని అర్థాలు రాసినా సరే, కింద ఒక వాక్యం ఉండాలి. అది పుస్తకంలోది కాకూడదు. ఎవరో అనగా చెవులారా విన్నదై ఉండాలి. అన్నవాళ్ల పేరు, తేదీ వెయ్యాలి. అది లేని చీటీ ఆయన పెట్టెలోకి పోదు.

ముకుందం చేతిలో ఉన్న మాట పుట్ ఆఫ్. వాయిదా వేయు, దాటవేయు, జాప్యం చేయు, తాత్సారం చేయు, రేపటికి నెట్టు... ఇలా పదకొండు అర్థాలు పట్టాడు. ఒంటి మీది బట్ట విప్పడమనే పాతకాలపు అర్థాన్నీ వదల్లేదు. ఆలస్యం అమృతం విషం అని సామెత కూడా చేర్చాడు, ఏమాత్రం సిగ్గులేకుండా. వాక్యమే దొరకలేదు.

"బజారంతా తిరిగాను మాస్టారూ. పనికొచ్చే ముక్క ఒక్కరూ అనలేదు."

మాస్టారు రాసుకుంటూనే అడిగారు. "మీ అక్క దగ్గరికి ఎప్పుడు వెళ్తావు?"

నెలకోసారి ఆయన అడిగే ప్రశ్నే అది. తల్లి పురిట్లోనే పోతే ముకుందాన్ని అక్క శేషమ్మ పెంచింది. ఆవిడ ఉండేది అవనిగడ్డలో, బస్సెక్కితే గంటన్నర. అతను ఇక్కడికి బయల్దేరిన రోజున, "పెళ్లీ పెటాకులూ లేకుండా మాటలు ఏరుకుంటూ కూర్చుంటావట్రా" అని అడ్డుపడింది. "అడగడానికి నువ్వేమన్నా కన్నతల్లివా?" అనేశాడు. శేషమ్మ లోపలికెళ్లి అతని చొక్కాలు మడతపెట్టి సంచిలో సర్ది ఇచ్చింది.

ఆ తర్వాత కూడా ఏటా చలికాలంలో బస్సు కండక్టరు చేత చింతకాయ పచ్చడి పంపేది. ముకుందం ఖాళీ జాడీ తిప్పి పంపేవాడు, ఉత్తరం ముక్క లేకుండా. రాద్దామని కూర్చుంటే ఏ మాటా సరిపోయేది కాదు. ఆ పచ్చడి కలుపుకున్నప్పుడల్లా కళ్లు నిండేవి. కారం ఎక్కువైందనేవాడు.

ఈ ఏడు పచ్చడి రాలేదు. నిరుటి జాడీ ఇంకా ఇతని కిటికీలోనే ఉంది. అందులో కలాలు పెట్టుకుంటున్నాడు.

"మొదటి సంపుటం అచ్చవనీండి మాస్టారూ," అన్నాడు ముకుందం. "పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి కాళ్ల మీద పడతాను."

మాస్టారు ఒక చీటీ తీసి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశారు. కింద ముకుందం పేరు, తేదీ వేశారు. సొరుగులోంచి దారం కట్టిన కట్ట ఒకటి తీసి, కొత్త చీటీ పైన పెట్టి, శిష్యుడి ముందుకు జరిపారు.

ముకుందం దారం విప్పాడు.

"వానలు తగ్గాక వెళ్తాను." ముకుందం, ఆగస్టు.

"ఎం అక్షరం పూర్తయ్యాక."

"ముందు ఉత్తరం రాసి వెళ్తే బాగుంటుందేమో."

"ఈ జలుబు తగ్గనీండి."

ముప్పైకి పైగా ఉన్నాయి. అన్నింటి కిందా అతని పేరే. అన్నీ అతను అన్నవే. ఒక్కొక్కటీ చదువుతుంటే చెవులు వేడెక్కాయి.

అడుగున ఒక చీటీ పసుపు పట్టి, అంచులు రాలిపోతూ ఉంది. "పుస్తకం చేత పట్టుకునే వెళ్తాను." దైవాధీనం. తేదీ చూస్తే ముప్పై రెండేళ్ల కిందటిది.

"ఎవరి దగ్గరికి మాస్టారూ?"

"మా తమ్ముడి దగ్గరికి."

"వెళ్లారా?"

మాస్టారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"పుస్తకం ఇంకా కాలేదుగా," అన్నారు. "వాడే ఆగలేదు."

ముకుందం లేచాడు. జాడీలోని కలాలు బల్ల మీద పోశాడు. నూతి దగ్గరికెళ్లి జాడీని రెండుసార్లు కడిగి, తువ్వాలుతో తుడిచి, చంకలో పెట్టుకున్నాడు. పదకొండింటి బస్సు అందుతుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు.

"మాస్టారూ, ఆ పుట్ ఆఫ్ చీటీ..."

మాస్టారు అప్పటికే దాన్ని ఆ కట్టతో కలిపి పెట్టెలో వేస్తున్నారు.

"నిండిందయ్యా. ఇంక వాక్యాలు తేకు."