పొదుగులో చుట్టాలు

సింహాద్రి ఇంట్లో ముగ్గురే మనుషులు. ముగ్గురికీ కలిపి ముప్పై మందికి సరిపడా బుద్ధి ఉందని వాళ్ళ నమ్మకం.

"దేవుడు బుద్ధి పంచిననాడు ఊళ్ళోవాళ్ళు దోసిళ్ళు పట్టారు. మనం గంపలు పట్టుకెళ్ళాం" అనేవాడు సింహాద్రి. పెళ్ళాం పైడితల్లి, తమ్ముడు అప్పన్న ఔనౌనని తలలూపేవారు.

వాళ్ళకో ఆవు, తెల్లమ్మ. వాన వెలిశాక ఆకాశం ఉంటుందే, అలాంటి కళ్ళు దానివి. ఒకనాడు దాని పొదుగు వాచిపోయింది. పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా పడ్డాయి. ముట్టుకుంటే మూలిగింది. ముగ్గురూ దాని మెడ పట్టుకుని బావురుమన్నారు.

పశువుల డాక్టరమ్మ చూసింది. "పొదుగువాపు. పాలలో కంటికి కనబడని క్రిములు చేరాయి. వాటి వంశమేదో పరీక్షలో తేలితే, ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఏ మందుకి చస్తాయో తెలుస్తుంది. ఆలస్యమైతే ఆ చన్ను ఇక పాలివ్వదు. రేపు పొద్దున్నే చేతులు శుభ్రంగా కడుక్కుని, ఇంక దేన్నీ ముట్టుకోకుండా ఈ సీసాలో పాలు పట్టి తెండి" అంది.

అంతే. తెల్లారగానే అప్పన్న చేతులు కడుక్కుని, రెండూ పైకెత్తి ఆవు పక్కన కూర్చున్నాడు. కూర్చునే ఉన్నాడు.

"పితకవేంరా?" అన్నాడు సింహాద్రి.

"దేన్నీ ముట్టుకోవద్దంది కదన్నా! చన్నుని మాత్రం ముట్టుకోవచ్చందా?"

"అనలేదురోయ్! నువ్వు కాబట్టి కనిపెట్టావు."

ముక్కు దురదపెడితే వదిన గోకింది. ఆకలేస్తే అన్న గంజి పట్టాడు. ఎండెక్కింది. అప్పుడు పైడితల్లికి మెరుపులా తట్టింది.

"కడుక్కున్నోళ్ళు కదా ముట్టుకోకూడదు! నేను కడుక్కోలేదుగా!"

ఇంకేముంది! పిడకలు చేస్తున్న చేతులతోనే వచ్చి సీసా నింపేసింది.

సీసాలో తేలుతున్న పేడ చూసి డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. తనే వచ్చి పాలు పట్టుకుంది. పనిలో పనిగా ముగ్గురి అరచేతులూ దూదితో తుడిచి, ఆ దూదీ పరీక్షకి పంపింది.

కొన్నాళ్ళకి ఫలితం వచ్చింది. "పొదుగులో క్రిమీ, పైడితల్లి చేతిమీద క్రిమీ ఒకే వంశం. మీ ఇంటి నుంచే వెళ్ళింది. పది రోజులు ఈ మందు వేయించండి, చచ్చూరుకుంటాయి."

పైడితల్లి దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంది. "నా చేతిమీదవంటే నా పుట్టింటివాళ్ళే. పెళ్ళైన ఇన్నేళ్ళకి మావాళ్ళు మన గడప తొక్కారు. మందు పెట్టి చంపమంటావేమయ్యా?"

"చుట్టాలని చంపితే ఊరు ఉమ్మదూ!" అన్నాడు సింహాద్రి. అప్పన్న మందు సీసా తీసి చూరులో దోపేశాడు.

అంతలో కొట్టంలో తెల్లమ్మ మూలిగింది. ఆ మూలుగుకి పైడితల్లి గుండె నీరైపోయింది.

"చుట్టాలైతే మాత్రం బిడ్డని కొరుక్కుతింటారా? తియ్యి మరిదీ మందు!"

మందు పడింది. చుట్టాలు పోయారు కదా, ఇంటికి మైల పట్టారు. పదో రోజున అన్నదమ్ములిద్దరూ గుండ్లు గీయించుకున్నారు. పోయినవాళ్ళు ఇన్నాళ్ళూ తెల్లమ్మ దగ్గరే ఉన్నారని, దాని తోక కుచ్చు కూడా గొరిగించారు.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. పొదుగువాపు తగ్గిపోయింది. నాలుగు చన్నుల నుంచీ పాలు మల్లెదండల్లా జారాయి. తెల్లమ్మ హాయిగా నెమరేస్తూ, లేని కుచ్చుతో ఈగలు తోలుకుంటోంది.

"గండం గడిచింది. ఒక్క క్రిమి కూడా మిగల్లేదు" అంది డాక్టరమ్మ.

సింహాద్రి మీసం దువ్వాడు. "మేమంత తెలివితక్కువవాళ్ళం కాదమ్మా. వంశం నిలవద్దూ? మందు వెయ్యకముందే సీసాడు పాలు పట్టి, మూత బిగించి అటకెక్కించాం."

అప్పన్న రెండు సీసాలు తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"ఇందులో ఉన్నది మావాడు. ఇందులో ఉన్నది వెనక వీధి సూరమ్మ గారి ఆవు పొదుగులో పిల్ల. కాస్త పరీక్ష చేసి చెప్పండమ్మా, ఇద్దరిదీ ఒకే వంశమైతే పెళ్ళి కుదరదు. గురువారమే లగ్నం!"