సున్నుండ పెట్టిన పరీక్ష

మా మానసిక వైద్యశాలలో ప్రొఫెసర్ భూషయ్య గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే, జవాబుకు ముందు వాళ్ల చేతిలో తినడానికి ఏదో ఒకటి పెట్టేవారు. చాలాసార్లు జవాబు దానితోనే సరిపోయేది.

ఒక మధ్యాహ్నం నా సహాధ్యాయిని శరణ్య కాగితాల కట్టతో ఆయన గదికి వచ్చింది. వెనకాల నేనూ ఉన్నాను. రోగుల భ్రమలు, భ్రాంతులు ఎంత తీవ్రంగా ఉన్నాయో అంకెల్లో కొలిచే ఇంగ్లీషు ప్రశ్నావళిని ఏడాదిపాటు కష్టపడి తెలుగులోకి తెచ్చింది శరణ్య.

"సార్, తిరిగి ఇంగ్లీషులోకి మార్పిస్తే ఒక్క మాట పొల్లు పోలేదు. ఇద్దరం విడివిడిగా మార్కులు వేస్తే అంకె తేడా రాలేదు. సరైన కొలత అనడానికి ఇంకేం కావాలి?"

"పైడితల్లి ఇవాళ ఇంటికి వెళ్తోందిగా?" అన్నారాయన.

"ఆపాం సార్. పద్నాలుగో ప్రశ్నకు ఆరు వచ్చింది. ఇంకో నెల ఉండాలి."

పైడితల్లి చేపలమ్ముకునే మనిషి. మూడు నెలల వైద్యంతో తేరుకుని, మూట కట్టుకుని, చెల్లెలు వస్తుందని గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. 'ఎక్కడో ఉన్నవారి ఆలోచనలు మీ శరీరాన్ని తాకుతాయా?' అన్నది పద్నాలుగో ప్రశ్న. "తాకవేటమ్మా! మా సెల్లి తలుసుకుంటే నాకు తెలిసిపోతాది" అంది. శరణ్య ఏడుకు ఆరు వేసింది. పక్కనే కూర్చున్న నేనూ ఆరే వేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

భూషయ్య గారు శరణ్యకు సున్నుండ అందించారు. నోట్లో వేసుకుని కూడా ఆమె వాదన ఆపలేదు. పిండి గొంతుకు అడ్డం పడి పొలమారింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్సు రత్నకుమారి పరుగున వచ్చి మాడు మీద తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నారు డాక్టరమ్మా!"

"మా అమ్మే," అంది శరణ్య దగ్గుతూ. "ఈ వేళప్పుడు తలుచుకునేది ఆవిడే."

భూషయ్య గారు ఖాళీ ప్రశ్నాపత్రం మీద శరణ్య పేరు రాసి, పద్నాలుగో ప్రశ్న ఎదుట ఆరు వేసి, ఆమె ముందుకు జరిపారు. నేను పకపకా నవ్వాను. ఆయన నాకూ ఒక సున్నుండ ఇచ్చారు. నా నవ్వు ఆగిపోయింది.

శరణ్య మొహం కందగడ్డ అయింది. వెంటనే వార్డులోకి పరుగెత్తింది. "చెల్లెలు తలుచుకున్నట్టు నీకెలా తెలుస్తుంది?"

"పొలమారతాది కదమ్మా!" అంది పైడితల్లి జాలిగా. "మీకు పొలమారదేటి?"

సాయంత్రం అక్కాచెల్లెళ్లు కబుర్లాడుకుంటూ గేటు దాటారు. మా ప్రాణం కుదుటపడింది. శరణ్య మళ్లీ గురువుగారి గదికి వెళ్లి, "ఇప్పుడు ప్రశ్న మార్చాలా సార్, మార్కులా?" అని అడిగింది.

ఆయన సున్నుండల డబ్బా ఆమె వైపు తోశారు.

"ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి. నిజంగా తలుచుకుందేమో కనుక్కో."