అప్పలస్వామి ఇంట్లో తెల్లారలేదు

ఇలా రా చంటీ, దుప్పటి కప్పుకో. సాయంత్రం నువ్వేమన్నావు? రేపటి సున్నుండ ఇవాళే పెట్టెయ్యమన్నావు కదూ? అందుకే ఈ కథ. ఊఁ కొట్టాలి మరి.

అనగనగా వెదుళ్ళవలస అని ఒక ఊళ్ళో అప్పలస్వామి అని ఒకడుండేవాడు. వెదురుబద్దలతో బుట్టలు, చేటలు అల్లేవాడు. వాడి చేతిలో మంచి పనితనం ఉంది. వాడి భార్య పైడితల్లి. వాళ్ళకో గేదె ఉండేది. పుట్టగానే తల్లి చనిపోతే పైడితల్లే దానికి వేలు చీకించి పాలు తాగించి పెంచింది. నల్లగా నిగనిగలాడుతుందని దానికి కాటుక అని పేరు పెట్టుకుంది.

అప్పలస్వామి మంచివాడే. కానీ "డబ్బులు తర్వాత ఇద్దువుగానిలే" అని ఎవరైనా అన్నారో, ఇంక వాడు ఆగలేడు. ముందు శెట్టి దగ్గర గేదె దిగి స్నానం చేసేంత ఇత్తడి గంగాళం కొన్నాడు. ఆ తర్వాత కొండయ్య దగ్గర జరీ తలపాగా కొన్నాడు. ఆ తర్వాత గురవయ్య దగ్గర గుర్రానికి కట్టే గజ్జెలు కొన్నాడు. గుర్రం ఉందా అంటావేం? గుర్రం లేదు. తర్వాత ఇమ్మన్నారుగా, కొన్నాడు. ఊళ్ళో వాళ్ళు వాణ్ణి అప్పలస్వామి అనడం మానేసి అప్పులస్వామి అనడం మొదలుపెట్టారు.

ఒకరోజు సాయంత్రం ముగ్గురూ కలిసి బాకీకి వచ్చారు. అప్పుడే పైడితల్లి దేవుడి దగ్గర దీపం పెడుతోంది. మనిళ్ళల్లో దీపం పెట్టాక పైసా బయటికివ్వం, లక్ష్మీదేవి వెళ్ళిపోతుందని. అప్పలస్వామికి ఠక్కున తట్టింది.

"దీపం ఎట్టేసినాం బాబూ! ఇప్పుడెలా ఇత్తాం? రేపు రండి" అన్నాడు.

వాళ్ళకీ ఇళ్ళల్లో అదే పట్టింపాయె. వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

మర్నాడు వాళ్ళు మధ్యాహ్నం వచ్చారు. అప్పలస్వామి మధ్యాహ్నమే దీపం పెట్టేశాడు. ఆ మర్నాడు కోడి కూయగానే వచ్చారు. వాడు కోడికన్నా ముందే లేచి పెట్టేశాడు. ఆ తర్వాత ఎందుకొచ్చిన తంటా అని దీపం ఆరనివ్వడమే మానేశాడు. ఊరంతటికీ తెల్లారేది, వాడింట్లో మాత్రం ఎప్పుడూ సాయంత్రమే. మహా తెలివైనవాణ్ణని తలపాగా సర్దుకునేవాడు.

మరి రాత్రీ పగలూ దీపం వెలగాలంటే నూనె కావాలి కదా? గానుగ నూకాలమ్మ దగ్గర తెచ్చాడు. ఎలా తెచ్చాడు? ఆఁ, అప్పుకే! అప్పులు ఎగ్గొట్టడానికి ఇంకో అప్పు. ఏం తెలివో, నా తండ్రే!

శెట్టికి ఒళ్ళు మండిపోయింది. "ఓరి అప్పలసామీ! దీపం నీ ఇంట్లో ఉంది, గేదె పెరట్లో ఉంది. ఎల్లుండి సంతరోజు తెల్లారగానే వచ్చి తోలుకుపోతాం" అన్నాడు.

ఆ మాట విన్న పైడితల్లి పెరట్లోకెళ్ళి కాటుక మెడ వాటేసుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆ తర్వాత పైడితల్లికి కోపం వచ్చింది. కోపం వచ్చాక ఉపాయమూ వచ్చింది.

మర్నాడు పొద్దున్న అప్పలస్వామి లేచి, "ఓలె పైడీ, అంబలి పొయ్యే" అన్నాడు.

"అంబలి పొద్దున్న కదా తాగుతాం? మనింట్లో దీపం ఎలుగుతోంది. సాయంత్రమే ఇంకా" అంది.

మధ్యాహ్నం అయ్యింది. ఎండుచేపల పులుసు వాసన గుప్పున కొట్టింది. చూస్తే పైడితల్లి పెరట్లో కూర్చుని కంచం నిండా అన్నం తింటోంది.

"నువ్వు తింటన్నావేటే?"

"నేను పెరట్లో ఉన్నానయ్యా. ఇక్కడ తెల్లారింది. రా, నువ్వూ తిందువుగాని."

వాడు గుమ్మం దాటబోయాడు. గోడ మీద శెట్టి కాపలా కూర్చుని ఉన్నాడు! చటుక్కున లోపలికి దూరిపోయాడు.

అప్పుడు నిజం సాయంత్రం అయ్యింది. "హమ్మయ్య! ఇప్పుడైనా పెట్టు" అన్నాడు.

"ఈ సాయంత్రం కూడు నిన్నే తిన్నావుగా. ఇదింకా ఆ సాయంత్రమేనయ్యా, అయిపోలేదు" అంది పైడితల్లి.

పాపం, వాడు కడుపులో కాళ్ళు పెట్టుకుని పడుకున్నాడు. నిద్రెక్కడ పడుతుంది?

సంతరోజు వచ్చింది. ముగ్గురూ వచ్చి కాటుక పలుపు విప్పుతున్నారు. అది అంబా అని ఒక్క అరుపు అరిచింది. అప్పుడు అప్పలస్వామి దీపం కొండెక్కించేసి బయటికి ఒక్క ఉరుకు ఉరికాడు.

"తెల్లారింది! మా ఇంట్లో తెల్లారింది! గేదెనొగ్గేయండి బాబూ. ఓలె పైడీ, అంబలే!"

"అంబలి సంగతి తర్వాత. ముందు ఈళ్ళకి సమాధానం చెప్పు. డబ్బొక్కటే లచ్చిమనుకున్నావా? ఇత్తానని నువ్వన్న మాటా మన లచ్చిమే. దాన్ని ఊరంతా పంచిపెట్టేశావు కదయ్యా!"

అప్పలస్వామికి తల కొట్టేసినట్టయింది. అప్పుడు గంగాళం తెచ్చి శెట్టికిచ్చేశాడు. గజ్జెలు గురవయ్యకిచ్చేశాడు. తలపాగాకి చెమట పట్టేసింది, కొండయ్య వద్దన్నాడు. దానికి బదులు వారం వారం బుట్టలు అల్లి ఇస్తానన్నాడు అప్పలస్వామి. వాళ్ళు పలుపు పైడితల్లి చేతికిచ్చి వెళ్ళిపోయారు.

కానీ నూనో? అన్నీ తిరిగివ్వొచ్చు గానీ, కాలిపోయిన నూనె ఎలా తిరిగిస్తాడు చెప్పు? వాణ్ణి ముప్పుతిప్పలు పెట్టింది ఆ నూనె బాకీయే. నువ్వుల పంట మళ్ళీ చేతికొచ్చేదాకా నూకాలమ్మకి బుట్టలు అల్లుతూనే ఉన్నాడు. ఇంట్లో మాత్రం చేతిలో డబ్బుంటే కొన్నారు, లేకపోతే మానేశారు. గుర్రం గజ్జెలు లేకపోయినా తిన్న అన్నం అరిగింది వాడికి.

ఆఖరి బుట్ట ఇచ్చేసి వస్తుంటే నూకాలమ్మ, "ఏం అప్పలసామీ" అని పిలిచింది. అప్పుల సామీ అనలేదు. వాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం అద్దాలవాడు వచ్చాడు. "నిలువుటద్దం బాబూ! డబ్బులు తర్వాత ఇద్దువుగానిలే" అన్నాడు. అప్పలస్వామి నాలుక దురద పెట్టింది. పైడితల్లి కేసి చూశాడు. కాటుక కేసి చూశాడు. అప్పుడు రెండు చేతులూ జోడించి, "దీపం ఎట్టేసినాం బాబూ, ఇంట్లోంచి మాట బయటికి పంపం" అన్నాడు.

అద్దాలవాడు నెత్తి మీద మండుతున్న సూర్యుడి కేసి చూశాడు, వీడి కేసి చూశాడు. ఎండదెబ్బ తగిలింది కాబోలు అనుకుని గబగబా వెళ్ళిపోయాడు.

ఏరా చంటీ, సున్నుండా? డబ్బా మూత పెట్టేశాను, దీపమూ పెట్టేశాను. కళ్ళు ముయ్యి.

గంగాళం శెట్టికి, గజ్జెలు గురవయ్యకి,
బుట్టలు గానుగకి, గేదె గాటికి,
కథేమో కంచికి, మా చంటి మంచానికి!