ఊపిరాకు

అనగనగా సముద్రం ఒడ్డున తామ్రకోట అనే రాజ్యం. దాన్ని ఏలే మణికేతుడికి ముగ్గురు కొడుకులు. ఒక ఏడు రాణికి ఆయాసం పట్టుకుంది. ఏడు సముద్రాల అవతల ఎర్రమల మీద ఊపిరాకు పొదలున్నాయని, దాని ఎండుటాకు ప్రాణం నిలుపుతుందని, పచ్చాకు రోగం తీస్తుందని వైద్యుడు చెప్పాడు.

పెద్దవాడు వెళ్ళి మూటెడు ఎండుటాకు, వేళ్ళతో సహా ఒక మొక్క తెచ్చాడు. మొక్క దారిలోనే వాడిపోయింది. రెండోవాడు పళ్ళు తెచ్చి గింజలు నాటించాడు. ఒక్కటీ మొలవలేదు. ఇక మూడోవాడు సుబంధుడు ఓడెక్కాడు.

అతను ఎర్రమల మీద మూడు రోజులు ఊరికే తిరిగి చూశాడు. పొదలన్నీ చెదపుట్టల మీదే ఉన్నాయి. అన్నీ ముదురువే, లేత మొక్క ఒక్కటీ లేదు. కొండ కింద ఎలుగుబంట్ల ఆకారంలో నల్లరాళ్ళు బారులు తీరి ఉన్నాయి. గుహలో ఒక్క ముసలి ఎలుగు మాత్రం ప్రాణంతో ఉంది. సుబంధుడు తేనెపట్టు పెడితే తిని, సంగతంతా చెప్పింది.

ఎలుగులు ఆ పళ్ళు తిని, చెదల కోసం పుట్టల దగ్గరికి పోయేవట. వాటి పేడలో పడ్డ గింజలే అక్కడ మొలిచేవట. కాలజంఘుడనే మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక ఊపిరాకు పండు తప్ప ఏదీ ముట్టదు. పళ్ళన్నీ దానికే కావాలని అతను ఎలుగుల్ని రాళ్ళు చేశాడు.

సుబంధుడి చెయ్యి కత్తి మీదికి పోయింది.

"చిలకను చంపకు. వాడు చస్తే మావాళ్ళు ఎప్పటికీ రాళ్ళే" అంది ఎలుగు.

సుబంధుడు కత్తి అక్కడే వదిలి మాంత్రికుడి ఇంటికి వెళ్ళాడు. చిలక బాగా చిక్కిపోయి ఉంది. కాలజంఘుడి తమ్ముడి కూతురు వకుళ దానికి పండు తినిపిస్తోంది.

"పొదలు ఎన్ని మిగిలాయి?" అని అడిగాడు సుబంధుడు.

వకుళ మాంత్రికుడి వైపు తిరిగి చెప్పింది: "నాలుగు. నిరుడు తొమ్మిది ఉండేవి, పెదనాన్నా."

"ఆ నాలుగూ ఎండితే చిలక ఏం తింటుంది? మళ్ళీ మొలిపించేవాళ్ళను నువ్వే రాళ్ళు చేశావు" అన్నాడు సుబంధుడు.

కాలజంఘుడు లేచి కొండ కిందికి నడిచాడు. సాయంత్రానికి రాళ్ళన్నీ ఎలుగులై పొదల వైపు సాగాయి. ఈ ఉపాయం చెప్పినందుకు బదులుగా సుబంధుడు ఒక ఎలుగుల జంటను, బుట్టెడు పళ్ళను అడిగి పుచ్చుకున్నాడు. వకుళ తన ఇష్టం కొద్దీ అతని వెంట ఓడెక్కింది.

తీరం కనిపించిన రోజు ఎలుగులకు పళ్ళు పెట్టి, తామ్రకోట అడవిలో వదిలారు. అంతదాకా రాణిని ఎండుటాకే నిలిపింది. రెండో వానలకు పుట్టల మీద మొలకలు వచ్చాయి. మూడో ఏట రాణి పచ్చాకు కషాయం తాగి, కోట మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది.

సుబంధుడికి వకుళతో పెళ్ళయింది, తర్వాత పట్టాభిషేకమూ అయింది. ఆకు కోసేవాళ్ళు పొదకు మూడు రెమ్మలే కోయాలని, పండు ఎలుగులకే వదలాలని భార్యాభర్తలిద్దరూ శాసనం వేయించారు. మనవలకు మనవలు పుట్టేదాకా చల్లగా ఏలారు.